వెనక చక్రం

మా మాస్టారు శనివారం పోయారు. ఆదివారం హెర్న్‌డన్‌లో మా తెలుగు చర్చి ఆరాధనకు వెళ్తే మెట్ల మీదే చెప్పారు. లోపల పాట మొదలైనా ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆయన్ని క్షమాపణ అడగాల్సిన పని ఒకటి ఎనిమిదేళ్లుగా మిగిలిపోయింది. పిరికివాణ్ణి, ఇంకేం చెప్పను!

డెబ్భైల ఆఖర్లో కాకినాడ నుంచి అమెరికాలో కొత్తగా దిగిన నాకు ఆయన తన బేస్‌మెంట్‌లో గది ఇచ్చారు. ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఇద్దరికీ సైకిలంటే పిచ్చి. ప్రార్థన చేసుకుని, టైరు బొటనవేలితో నొక్కి చూసి గానీ ఆయన సైకిలెక్కేవారు కాదు. "దేవుడి మీద నమ్మకం వేరు, టైరు మీద నమ్మకం వేరు బాబూ" అనేవారు.

ఆ చలికాలం రేడియోలో పెద్ద మంచు తుఫాను వస్తుందన్నారు. పొద్దుటి నుంచీ గరాజ్‌లో దాని కోసమే కాచుకుని ఉన్నాం. మంచులో జారకుండా ఆయన సైకిలు టైర్లకు లోపలి నుంచి స్క్రూలు బిగించే పని నాకిచ్చారు.

"స్క్రూ తలల మీద పాత ట్యూబు ముక్కలు పరుచు. లేకపోతే లోపలి ట్యూబు తెగి గాలి పోద్ది, చూసుకో."

ముందు చక్రం బాగానే చేశాను. వెనక చక్రానికి జానెడు మేర ముక్క చాల్లేదు. ఏమవుతుందిలే అని బిగించేశాను. కాకినాడలో నాలాంటి సైకిలిస్టు లేడని నా పొగరు.

మధ్యాహ్నానికే మంచు ముంచుకొచ్చింది. ఫోను నేనే ఎత్తాను. హాస్పిటల్లో నర్సు డ్యూటీ ముగించుకుని వస్తున్న అమ్మగారు, మాస్టారి భార్య. "బస్సు ఆపేశారు. గ్యాస్ స్టేషన్‌లో ఉన్నా. నా మందు ఇంట్లోనే..." ఆవిడకు ఉబ్బసం. మాటకీ మాటకీ మధ్య ఈల వినిపిస్తోంది. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. మూడు మైళ్ల దూరం, వాకిట్లో కారు కదలడం లేదు.

"నేను వెళ్తా మాస్టారూ."

"నీకు మంచు కొత్త. ఫోన్ దగ్గరే ఉండు."

మందు జేబులో వేసుకుని సైకిలెక్కేశారు. టైరు నొక్కి చూడలేదు. నేను నోరు తెరిచాను. చెప్తే నా పరువు పోతుందని మూసుకున్నాను. అంతే, ఆయన మలుపు తిరిగిపోయారు.

రెండున్నర గంటలు కిటికీకీ ఫోనుకీ మధ్య తిరిగాను. ఆవిడకేమైనా అయితే చంపింది నేనే. చివరికి మంచు తీసే లారీవాడు ఇద్దర్నీ దింపాడు. సగం దారిలో టైరు దిగిపోతే సైకిలు కంచెకి ఆనించి, మిగతా దారంతా పరిగెత్తారట. చేతితొడుగు ఎక్కడో జారిపోయింది. మంచుకు చచ్చుబడిన ఎడమచేతి చిటికెన వేలు మళ్లీ ఎప్పుడూ వంగలేదు.

"టైరుకేమైందండీ?" అన్నారు అమ్మగారు.

"మేకేదో గుచ్చుకుంది" అన్నారు మాస్టారు.

మర్నాడు ఆయనే సైకిలు తెచ్చుకుని టైరు విప్పారు. ఆ జానెడు చోట చెయ్యి ఆగింది.

"మాస్టారూ..." అన్నాను.

"తిన్నావా?" అన్నారు.

మరుసటి చలికాలం మళ్లీ తుఫాను అన్నారు. రెండు టైర్లూ తెచ్చి నా ముందే పడేసి, నాకు వీపు పెట్టి కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నారు. ట్యూబు ముక్కలు రెండేసి వరసలు పరిచాను. ఈసారైనా నొక్కి చూస్తారని, తిడతారని ఎదురుచూశాను.

నొక్కలేదు. ప్రార్థన చేసుకుని సైకిలెక్కారు. వంగని ఆ చిటికెన వేలు హ్యాండిల్ మీద నిటారుగా నిలబడి ఉండగా, మంచులోకి తొక్కుకుంటూ వెళ్లిపోయారు.