తొట్టిలో పోసిన వేడినీళ్లు

ఈ చలిదేశంలో, లూకన్ అనే ఊళ్లో, మా అమ్మాయి పెరట్లో మోకాలి లోతు గుంట తవ్వించి గోల్డ్‌ఫిష్ వేసింది. "చలికి ఆగుతాయమ్మా, మనం ఏమీ చెయ్యక్కర్లేదు" అంటుంది. ఇవాళ పైనీళ్లు గడ్డకట్టాయి. అడుగున చేపలు కదలడం లేదు. మనవరాలు వేడినీళ్ల కెటిల్ పట్టుకొచ్చింది. "దే ఆర్ ఫ్రీజింగ్, అమ్మమ్మా."

ఏడేళ్లప్పుడు నేనూ ఇంతే. దోమగుడ్లు తింటాయని నాన్న సిమెంటు తొట్టిలో చేపపిల్లలు వేశాడు. చలికాలం ఒక పొద్దున అవి కదలకపోతే, స్నానానికి కాగుతున్న నీళ్లు చెంబుతో తెచ్చి పోశాను. తెల్లటి పొట్టలు పైకి తేలాయి. నాన్న కొట్టలేదు.

"చలికి బతికినవి నీ జాలికి చచ్చాయే" అన్నాడు.

మనవరాలి చేతిలోంచి కెటిల్ తీసుకుని పక్కన పెట్టాను. ఇద్దరం ఆ మంచుగడ్డకేసి చూస్తూ కూర్చున్నాం. ఆసుపత్రిలో మా ఆయన ఆఖరి రోజుల్లో మంచం పక్కనా ఇలాగే, ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను.