వసుధ స్వెట్టర్

మా అమ్మాయి మంచులో తడిసిన గ్లోవ్స్ హీటర్ మీద ఆరేసినప్పుడల్లా, ఆ తడి ఉన్ని వాసనకి నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

డెబ్బైల చివర్లో, అమెరికాలోనే పుట్టి పెరిగిన నేను డెట్రాయిట్ దగ్గర నాలుగో క్లాసు. పాత గ్రీకు యుద్ధాల్లో రెండు నియమాలుండేవని టీచర్ చెప్పింది. ఓడినవాడి కవచం గెలిచినవాడిది. మోకాళ్ళు పట్టుకుని శరణన్నవాణ్ణి మాత్రం ఏమీ చేయకూడదు.

ఆ మధ్యాహ్నమే మంచు ఉండలతో యుద్ధం ఆడాం. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన వసుధ బూటు నాకు తగిలింది. వెంటనే వంగి నా మోకాలు తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. లొంగిపోయిందనుకున్నాను.

"నీ కవచం ఇచ్చెయ్. అది రూల్," అన్నాను.

వాళ్ళమ్మమ్మ అల్లిన, మంచుకి తడిసిన ఉన్ని స్వెట్టర్‌ని అందరి ముందూ విప్పించి, ఇంటికి తెచ్చి అమ్మకి గొప్పగా చూపించాను.

"లొంగిపోవడమేంటే? కాలు తగిలిందని దణ్ణం పెట్టుకుంది, పాపం. ఈ చలిలో ఇంటికెలా వెళ్ళిందో!" అంది అమ్మ.

స్వెట్టర్ అప్పుడే తీసుకెళ్ళి ఇచ్చేశాం. "చిన్నపిల్ల, తెలియక చేసింది," అని అమ్మ వాళ్ళకి సర్దిచెప్పింది. నేను తల ఊపాను.

కానీ వసుధ శరణు కోరిందనుకునే కదా నేను లాక్కున్నది. టీచర్ చెప్పిన రెండో నియమం నాకప్పుడూ గుర్తుంది.