అరుంధతిని చూపించిన చెయ్యి

2023 ఏప్రిల్ 18, మంగళవారం, ఉదయం 5.10. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా గరాజ్ తలుపు మూసిన నిమిషం అది. ఇందులో ఒక్క అక్షరం కల్పించలేదు. కావాలంటే నా డైరీ చూసుకోండి.

పెళ్ళినాడు పురోహితుడు అరుంధతిని చూపించమంటే, మా ఆయన నా వేలు పట్టుకుని పట్టపగటి ఆకాశంలోకి ఎత్తారు. ఏమీ లేదు. అయినా ఇద్దరం "కనిపించింది" అన్నాం. నలభై ఆరేళ్ళుగా మా ఇంట్లో ఆ అబద్ధమే వేళాకోళం. గుండెకు రెండో స్టెంటు వేశాక ఆయనే, "ఒక్కసారి నిజంగా చూద్దామోయ్" అన్నారు. కొలరాడోలో చుక్కలు చూడడానికే జనం వెళ్ళే ఒక చిన్న కొండ ఊరికి బయల్దేరాం. మూడు రోజులు, 1,408 మైళ్ళు. డ్రైవింగ్ అంతా నాదే.

20వ తేదీ, అమావాస్య. రాత్రి 8.50కి కొండ కింద మైదానం చేరాం. గేటు దగ్గర ఎర్ర టార్చితో నిలబడ్డ ఆవిడ ఒకటే చెప్పింది... తెల్ల లైటు వెయ్యకండి. వేస్తే చీకటికి అలవాటుపడ్డ కళ్ళన్నీ అరగంట పనికిరావు.

"ఆయాసంగా ఉంది. నువ్వెళ్ళి వెతికి పెట్టు, లెక్కలూ. ఫైవ్ మినిట్స్ రెస్ట్ తీసుకుని వస్తా" అన్నారు మా ఆయన, కారు దిగకుండానే. నన్ను ఆ పేరుతో పిలిచేది ఆయనొక్కరే.

"ఐదంటే ఐదే. టైమ్ రాసుకుంటున్నా."

"రాసుకో. లేటైతే ఫైన్ వెయ్యి."

9.15కి తిరిగి వచ్చాను. కారు తలుపు తీస్తే లోపలి లైటు వెలుగుతుంది. అందుకని తియ్యలేదు. అద్దం మీద తట్టాను... టక్... టక్... పలకలేదు. నిద్రపోయారనుకుని మళ్ళీ వెళ్ళాను.

సప్తర్షులు నడినెత్తిన ఉన్నారు. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు. పక్కన ఏమీ కనిపించలేదు. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. వాచీలో 9.32.

వెనక ఎండుగడ్డి కరకరలాడింది. ఒక అడుగు... ఆగింది... ఇంకో అడుగు, ఈడ్చినట్టు. ఆయన ఎడమకాలు ఈడుస్తారు. వక్కపొడి వాసన. ఒక చెయ్యి నా వేలు పట్టుకుంది. వెచ్చగా ఉంది. మెల్లగా పైకెత్తింది... కొంచెం... ఇంకొంచెం... ఆగింది.

"అదిగో, లెక్కలూ. ఈసారి నిజంగా."

కనిపించింది. సూదిమొనంత.

"కనిపించిందండీ!" అని తిరిగాను. ఎవరూ లేరు. అందరికన్నా దగ్గరి ఎర్ర టార్చి ముప్ఫై అడుగుల అవతల ఉంది.

9.34కి కారు తలుపు తీశాను. లైటు వెలిగింది. "లైట్! లైట్!" అని ఎవరో అరిచారు. ఆయన సీట్ బెల్టు పెట్టుకునే ఉన్నారు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నారు. మేజోళ్ళకు ఒక్క గడ్డిపరక అంటలేదు. చెయ్యి చల్లగా ఉంది.

10.04కి అంబులెన్స్ వచ్చింది. పోయి దాదాపు గంట అయి ఉంటుందన్నారు. నేను అద్దం తట్టినప్పుడు ఉన్నారో లేదో తెలియదు. నా వేలు పట్టుకున్నదెవరో అంతకన్నా తెలియదు. అక్కడున్న పదకొండు మందినీ అడిగాను. నన్ను ఎవరూ తాకలేదన్నారు. మా అమ్మాయి, "టైర్డ్‌గా ఉన్నావమ్మా, అలా అనిపించి ఉంటుంది" అంటుంది. కావచ్చు.

పోయినవి రాస్తున్నాను. ఒక మనిషి. నలభై ఆరేళ్ళ రెండు నెలల కాపురం. నేను తలుపు తియ్యని పంతొమ్మిది నిమిషాలు. నన్ను లెక్కలూ అని పిలిచే గొంతు, ఒకటి.