రెండు చార్జర్లకూ బొట్టు

ఈ సంగతి ఇంతకుముందు రాయలేకపోయాను. మొదట అక్షరాలు రాక. కోడలి దగ్గర కూర్చుని నేర్చుకున్నాక ఏవేవో రాశాను గానీ, దీని దగ్గరికి రాగానే చేయి ఆగిపోయేది. ఆ దసరా నాటి వాసన ముక్కుకు తగిలేది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న సందు మొదట్లో మాకు చెరుకు రసం బండి ఉంది. మిషన్ బ్యాటరీల మీద తిరుగుతుంది. నాలుగు లిథియం బాక్సులు. పంజాగుట్టలో వాటిని కట్టిచ్చిన మెకానిక్ మొదటి రోజే విడమరచి చెప్పాడు.

"రెండిటిని ఒకదాని ఎనక ఒకటి కలిపితే మోటరుకు బలమొస్తదమ్మా. గసొంటి జతలు రెండు పక్కపక్కన కలిపితే పొద్దుగూకేదాంక నడుస్తది. కానీ కలిపే ముందు అన్ని ఒక్కతీరుగ నిండి ఉండాలె. లేకుంటే నిండిన దాంట్లకెళ్లి ఖాళీ దాంట్లకు కరెంటు దబ్బున గుంజుకుంటది. తీగలు కాలుతయ్."

అందుకే రెండు చార్జర్లు ఇచ్చాడు. ఒకటి జతకు, ఇంకొకటి విడి బాక్సుకు. చూడడానికి రెండూ ఒకే రకం నల్ల డబ్బాలు. ఏది దేనికో తెలుగులో రాసి అంటించాడు. నేను చదివినట్టే తలూపాను. ఇంటికొచ్చి జత చార్జరుకు కుంకుమ బొట్టు పెట్టుకున్నాను. బొట్టున్నది జతకు, లేనిది విడి బాక్సుకు. ఐదో తరగతి చదివానని కోడలికి పెళ్లిచూపుల్లోనే చెప్పి ఉన్నాను. ఇక ఆమెనేం అడుగుతాను?

దసరాకు బండి తీయలేదు. మా ఆయన, కొడుకు బల్కంపేట గుడికి పోయారు. ఆ వీలులో బాక్సులు విడదీసి, అన్నీ సమంగా ఉండేలా ఒక్కొక్కటిగా నింపుదామనుకున్నాను. ముందు చెరుకు చెక్కే కత్తికి, మిషన్ చక్రాలకు, బాక్సులకు పసుపు కుంకుమ పెట్టాను. చివరికి ఒక్క చార్జరు బోసి మొహంతో మిగిలింది. పండగపూట దాన్నొక్కదాన్నీ అట్లా వదలడానికి మనసొప్పలేదు. దానికీ పెట్టేశాను.

ప్లగ్గు పట్టుకున్నాక గానీ తట్టలేదు, ఇక ఏది ఏదో నాకు తెలియదని. రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాను. కోడలు అక్కడే గోడ వారగా కూర్చుని పాపకు అన్నం తినిపిస్తోంది. "జర చూడు బిడ్డా" అంటే సరిపోయేది. అనలేదు. చేతికి వచ్చినది ఒక బాక్సుకు తగిలించి పొయ్యి దగ్గరికి పోయాను.

కూర దించేలోపు ఘాటు వాసన. బాక్సు పొట్ట ఉబ్బి ఉంది.

"అత్తమ్మా, స్విచ్ బంద్ చెయ్!" అని అరుస్తూ కోడలు పాపను ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. స్విచ్ ఆపాను. పక్కింటాయన వచ్చి కర్రతో బాక్సును వాకిట్లో ఇసుక కుప్ప మీదికి నెట్టాడు. అక్కడ అది బుస్సుమని పొగ చిమ్మింది. పాప తిన్న గిన్నె, ఇంతకుముందు బాక్సు ఉన్న చోటికి అంత దగ్గరలో, లోపలే ఉండిపోయింది.

సాయంత్రం మెకానిక్ వచ్చేసరికి మా ఇంటి సందంతా వాకిట్లోనే ఉంది.

"ఎక్కువైతే ఆపే బోర్డు లోపల ఉంటదమ్మా, అది సుత మాడింది. విడి బాక్సుకు జత చార్జర్ పెట్టిన్రు. రెండిటికి ఒక్కతీరు పిన్నులు పెట్టుడు నాది సుత తప్పే. కానీ గంత పెద్దగ రాసిన కదా, చూడలే?"

పక్కింటాయన చార్జర్లు చేతిలోకి తీసుకుని నవ్వాడు. "రెండిటికి బొట్లు పెట్టినవేందక్కా, పెండ్లి చేస్తున్నవా?"

అందరూ నవ్వారు. నేను చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను, తడి లేకపోయినా.

"అత్తమ్మ కండ్లద్దాలు పెట్టుకోలేదన్నా" అంది కోడలు.

నాకు కళ్లద్దాలే లేవు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అంటే మిగతాది కూడా ఎప్పటినుంచో తెలుసు. తలెత్తి ఆమె వైపు చూడలేకపోయాను. పాపను ఎత్తుకోబోయి చేతులు వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు పొద్దున లేవగానే పొడిగుడ్డతో రెండు చార్జర్ల బొట్లూ తుడిచేశాను. మా ఆయన, కొడుకు చాయ్ తాగుతున్నారు. వాళ్లు లేచిపోయేదాకా ఆగుదామా అనిపించింది. ఆగలేదు. చార్జర్లు తీసుకెళ్లి కోడలి ముందు పెట్టాను.

"ఐదు చదవలేదు బిడ్డా, ఒకటి సుత చదవలే. దీని మీద ఏమున్నదో చెప్పు" అని, మొదటి అక్షరం మీద వేలు పెట్టాను.