నర్సింగమ్మ సీటెక్కింది

తిరుమలగిరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే నర్సింగమ్మకు నలభై ఆరేళ్లు. గొంతు పెద్దది. ఆమె కేకేస్తే హెడ్మాస్టరు కూడా లేచి చేతులు కడుక్కుంటాడు. అంతటి మనిషికి లోపల ఒక్కటే కొరత, దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె జన్మలో సైకిల్ సీటు మీద కూర్చోలేదు.

అట్లాగని తొక్కడం రాదనుకునేరు! పదేళ్లకే నాయిన సైకిల్ మీద ఊరంతా చుట్టింది. సీటు అందదు కాబట్టి నడిమి కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, ఒళ్లు పక్కకు వంచి తొక్కేది. దాన్నే కైంచీ తొక్కుడు అంటారు. ఇంకో జానెడు పెరిగితే సీటెక్కుతానని రోజూ గోడకు ఆనుకుని కొలుచుకునేది. తీరా ఆ ఎత్తు వచ్చేసరికి పెద్దమనిషి అయింది. "ఇగ చాలు బిడ్డా, సైకిల్ ముట్టకు" అన్నది తల్లి. పిల్ల సైకిల్ ముట్టడం మానేసింది. అమ్మ మీద కోపం మాత్రం ఎటూ పోలేదు.

మొన్న డిసెంబర్లో ఆ బడి ఆటల మాస్టారు కమలాకర్ ముప్పై మందిని పోగేసి, హుజూర్‌నగర్ నుంచి ఆత్మకూర్ దాకా ఐదు రోజుల సైకిల్ యాత్ర పెట్టాడు. వంటకు నర్సింగమ్మ, సామాన్ల డీసీఎం వ్యాను నడపడానికి ఆమె మొగుడు మారయ్య. మూడు రోజులు ఆమె బండిలో కూర్చుని ముందు పోతున్న చక్రాలనే చూసింది. దేవరకొండ దాటాక దిగుడులో అందరూ కేకలు పెడుతూ జారిపోతుంటే ఆమె కాళ్లు వాటంతటవే ఆడాయి.

"ఏందే, బ్రేక్ నువ్వేస్తున్నవా?" అని మారయ్య పకపకా నవ్వాడు.

నాలుగో రోజు ప్రణీత అనే బ్యాంకు పిల్లకు మోకాలు పట్టేసింది. సాయంత్రం వనపర్తిలో ఒక బడి మైదానంలో దిగగానే ఆ పిల్ల అడిగింది: "అక్కా, రేపు నా సైకిల్ ఖాళీనే. తొక్కుతవా?"

"తొక్కుత!" నర్సింగమ్మ నోట్లోంచి మాట ఊడిపడింది.

"మరి మా అన్నం?" అన్నాడు కమలాకర్ సారు.

"తెల్లారేసరికి వండి బండ్లె పెడ్త సారూ, మీకెందుకు ఫికర్!"

చీర కుచ్చిళ్లు బిగించి హ్యాండిల్ పట్టుకుంది. పట్టుకుని ఏం చేసింది? అలవాటు కొద్దీ కడ్డీ కింది నుంచి కాలు దూర్చింది! ఈ కాలపు సైకిల్లో ఆ సందు ఎక్కడిది? దబ్బున పడింది. అందరూ ఒకటే నవ్వు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. లేచింది, పడింది, మళ్లీ పడింది. నాలుగోసారి సీటు మీద నిటారుగా కూర్చుని మైదానం చుట్టొచ్చింది.

"అవ్వో! అందరి నెత్తులు కనవడ్తున్నయ్!" అని అరిచింది.

తెల్లవారి బగారన్నం, వంకాయ కూర బండికెక్కించి అందరితో పాటు బయలుదేరింది. ఏం సంబరం, ఏం సంబరం! పల్లి చేనులో కలుపు తీసే ఆడవాళ్లు చేతులూపారు.

"ఎందాక పోతున్నవ్ అక్కా?"

"ఆత్మకూర్‌కు!"

"అమ్మో, గంత దూరమా!"

"దూరమేంది, గదే, ముందలనే!"

ఆ 'గదే' ఎంతకీ రాలేదు. పొద్దెక్కింది. ఒక ఎత్తు మీద ఆమె పిక్కలు పట్టేశాయి. ముందువాళ్లు కనుమరుగయ్యారు. వెనకే వస్తున్న మారయ్య బండి ఆపి తలుపు తీశాడు.

"ఎక్కవే. ఎవ్వలేమనరు."

నిజంగానే ఒక కాలు మెట్టు మీద పెట్టింది. 'ఎవ్వలేమనరు' అన్న మాట దగ్గరే ఆగింది. అప్పుడు వద్దన్నది అమ్మ. ఇవ్వాళ వద్దనేవాళ్లు లేరు. ఇప్పుడు బండెక్కితే ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలి? కాలు తీసి తలుపు తనే వేసింది.

"నడిపిచ్చుకుంట ఎక్కుత. దిగుడు కాడ మళ్ల కూసుంట. నువ్వు ఎన్క రా. హారన్ మాత్రం కొట్టకు."

మారయ్య కొట్టలేదు. నాలుగు కిలోమీటర్లు నత్తలా వెనకే వచ్చాడు.

ఆత్మకూర్ చేరేసరికి ముందు పోయినవాళ్లంతా కాళ్లు కడుక్కుని పందిరి కింద వరసగా కూర్చున్నారు.

"ఆకలి దంచుతాంది నర్సింగమ్మా, జర జల్ది వడ్డించు" అన్నాడు కమలాకర్.

ఆమె సైకిల్‌ను గోడకు ఆనించింది. ఒక విస్తరి అందుకుని వరస చివర పరిచింది. దాని ముందు మఠం వేసుకుని కూర్చుంది.

"నేను గూడ తొక్కుకుంటొచ్చిన సారూ. వడ్డించేటోళ్లను ఎవ్వలనన్న చూసుకోండ్రి."

 కమలాకర్ లేచి అన్నం గంప ఎత్తుకున్నాడు. మారయ్య కూర గిన్నె పట్టుకుని పెళ్లాం ముందు వంగాడు.

"ఇంకింత ఎయ్యాల్నా?"

ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. నర్సింగమ్మ మూడుసార్లు వేయించుకుని తిన్నది.