ఒక్క వైరుతో తిరగని వైపర్

రెండేళ్ల క్రితం వానాకాలం. మా ఆయన గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. గోదావరిఖనిలో మా ఇంటి ముందు ఆయన ప్రాణంగా చూసుకునే పాత అంబాసిడర్ ఉండేది.

ఒక మధ్యాహ్నం మా కోడలికి నొప్పులు మొదలయ్యాయి. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. అంబులెన్సుకు గంట పడుతుందన్నారు. బయట కుండపోత వాన. బొగ్గు లారీలు చిమ్మే నల్లటి బురదలో వైపర్ లేకుండా కారు నడపలేం. మా వైపరేమో తిరగడం లేదు. పాత సామాన్ల కొట్లో దొరికిన మోటారును ఆయన ముందురోజే బిగించారు. దానికి ఒక్కటే వైరు.

"రెండో వైరు లేంది కరెంటు ఎట్ల తిరుగుతదే?" అంటూ ఆయన బానెట్‌లో తలపెట్టి వెతుకుతున్నారు.

"అత్తమ్మా, నాతోని అయితలేదు" అని వెనక సీట్లో కోడలు ఏడుస్తోంది.

దేవుణ్ని తలుచుకుంటూ గొడుగు పట్టి నిలబడ్డ నాకు వెలుగుతున్న కారు ముందు లైటు కనిపించింది.

"ఏమయ్యా, లైటుకు గూడ ఒక్కటే వైరున్నది గదా. అదెట్ల వెలుగుతున్నది?"

"నువ్వు జరుగు, నీకేం..." అంటూనే మోటారు కింద వేలు పెట్టి చూశారు.

గనిలో కరెంటు మోటారు బాడీకి తగలకూడదు. ఆ అలవాటుకొద్దీ మోటారు కింద రబ్బరు ముక్క వేసి బిగించారట. కారులోనేమో కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లేది ఇనుప బాడీ గుండానే, అదే రెండో వైరు! రబ్బరు పీకేసి బిగించగానే వైపర్ కదిలింది.

ఆస్పత్రికి చేరిన పావుగంటకే మనవరాలు పుట్టింది.

"ఇంకో నిమిషమాగితె నాకే తట్టేది" అంటారు మా ఆయన ఇప్పటికీ. ఆ నిమిషం మా కోడలి దగ్గర లేదు. ఇంట్లోనే నాలుగక్షరాలు నేర్చుకున్న నా నోట ఆ ప్రశ్న పలికించిన స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను.