కంట్లో నలక ఊదినట్టు

ముప్పయ్యేళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో కాయ నాణ్యం చూసే పని నాది. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఏ రకమో, ఎంత ఘాటో, లోపల తేమ ఉందో లేదో చెప్పేస్తాను. కొత్తగా వచ్చినవాళ్లు గేటు దాటగానే తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ అవస్థ పడుతుంటే మాకు నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. ఘాటు నన్నేం చేస్తుందని నా ధీమా.

పోయినేడు నాకే దగ్గు పట్టుకుంది. ఊపిరి తీస్తే ఛాతీలో పిల్లికూతలు. యార్డులో దగ్గితే పరువు పోతుందని టీ కొట్టు వెనక్కి వెళ్లి, అక్కడ దగ్గాల్సినంతా దగ్గేసి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చేవాణ్ని. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్యలో మొదలైంది. ఎంతకీ ఆగదు. పాస్టరు గారు ప్రసంగం ఆపి, నా దగ్గు పూర్తయ్యేదాకా ఓపిగ్గా చూసి, "ఆమెన్" అన్నారు. అందరూ నవ్వారు, మా ఆవిడ తప్ప. మర్నాడు నన్ను ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ నా చేతి మీద సన్నగా సూదులు గుచ్చి ఏదేది పడదో చూసింది. పరుపుల్లో, పాత గోనెల్లో ఉండే దుమ్ము పడదట. అలర్జీతో వచ్చిన ఆస్తమా అంది.

"మరి మిరపకాయ తప్పేం లేదు కదండీ?" అన్నాను ఆశగా.

"నిప్పు లోపల ఉందండి. మీ యార్డు దుమ్ము విసనకర్ర. ఊపిరి గొట్టాల్లో వాపు ఎంతుందో ముందు కొలుద్దాం. మందు వాడినా అది తగ్గకపోతే మాత్రం మీరు యార్డు మానేయాల్సిందే."

యార్డు మానేస్తే ఇక నేనెవర్ని? ఇంట్లో కూర్చుని, మా ఆవిడ తెచ్చిన కారం పొట్లాలకు వంకలు పెట్టుకుంటూ బతకాలి.

వాపు కొలిచే మిషను చూస్తే టిఫిన్ డబ్బా అంత ఉంది. దానికో గొట్టం. నిండా గాలి పీల్చి ఆ గొట్టంలోకి ఊదాలి. తెర మీద ఒక బుడగ కనిపిస్తుంది, అది రెండు గీతల మధ్యే తేలుతూ పది సెకన్లు ఉండాలి. నేను నా ప్రతాపమంతా చూపించి ఊదాను. బుడగ ఎగిరి పై గీత దాటిపోయింది. మిషను కీచుమంది.

"మెల్లగా అండీ, బలం వద్దు" అంది మిషను దగ్గరున్న అమ్మాయి. చీరాల పిల్లట.

మెల్లగా అనేది మా వంశంలోనే లేదు. మాటైనా, నడకైనా, తుమ్మైనా. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆ అమ్మాయి నవ్వాపుకుంటోంది. నాకు ఒళ్లు మండింది. "ఈ మిషనేదో చెడిపోయిందమ్మా" అన్నాను.

అప్పుడు వెనకనుంచి మా ఆవిడ అంది: "మిషనుకేం కాలేదుగానీ, నా కంట్లో నలక పడితే ఊదుతావే, అట్టా ఊదయ్యా."

ఊదాను. బుడగ గీతల మధ్య బుద్ధిగా నిలబడింది. కాసేపటికి తెర మీద అంకె వచ్చింది. డెబ్బై ఎనిమిది.

"చూశావా! ఫస్టు క్వాలిటీ!" అని మా ఆవిడ వైపు తిరిగి మీసం మెలేశాను. మా లెక్కలో అంకె పెరిగితే ఘాటు, ఘాటు ఉంటే గిరాకీ.

"ఇక్కడ తక్కువుంటేనే మంచిదండీ" అంది చీరాల అమ్మాయి. మీసం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

రోజూ రెండు పూటలా పీల్చమని మందు పంపు ఇచ్చారు. కాటా దగ్గర పనిచేసే నా స్నేహితుడు దాన్ని చూసి, "ఒరేయ్, అది అలవాటైతే జన్మలో వదల్దు. దగ్గొచ్చినప్పుడే కొట్టు" అన్నాడు. వాడేదో డాక్టరు చదివినట్టు నేనూ తలూపాను. వారం తిరక్కుండానే దగ్గు తగ్గింది. పంపు బీరువా ఎక్కింది.

రెండు నెలలకు మళ్లీ ఊదితే డెబ్బై నాలుగు. "రోజూ వాడుతున్నారా?" అంది డాక్టరమ్మ. "వాడుతున్నానండీ" అన్నాను. ఆవిడ నన్ను చూడలేదు, అంకెను చూసింది. నేను రైతు మాట వినకుండా టిక్కీ అడుగునున్న రంగు పోయిన తాలుకాయ బయటికి లాగి చూస్తానే, సరిగ్గా ఆ చూపే. ముప్పయ్యేళ్లు అందరికీ పరీక్ష పెట్టినవాణ్ని, దొరికిన దొంగలా తల దించుకున్నాను. సిగ్గేసింది.

"ఇంకో రెండు నెలలు చూస్తా. ఈసారీ ఇట్టాగే ఉంటే యార్డు మాట మర్చిపోండి" అంది.

ఆ రెండు నెలలూ పంపు మా ఆవిడ చేతిలోకి వెళ్లింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఎదురుగా నిలబడి పీల్పించి, నోరు పుక్కిలించేదాకా కదిలేది కాదు. పాత దూది పరుపు, మంచం కింద గోనెలు వీధిలో పడ్డాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ఊరుకున్నాను.

మూడోసారి బుడగ ఒక్క ఊదుకే నిలబడింది. ఇరవై నాలుగు. యార్డులో ఎవరైనా అంత తక్కువ చెబితే పోట్లాడేవాణ్ని. ఆ రోజు మాత్రం చీరాల అమ్మాయికి దణ్ణం పెట్టాను. డాక్టరమ్మ యార్డుకు మాస్కు పెట్టుకుని వెళ్లమంది, పంపు మాత్రం మానొద్దంది.

మాస్కుతో యార్డుకు వెళ్తే, "ఏరా, పెళ్లికూతురా, ముసుగేంది?" అన్నాడు కాటా స్నేహితుడు. అంటుండగానే గాలి తిరిగి వాడి కంట్లో మిరప దుమ్ము పడింది. లబోదిబోమన్నాడు. వాణ్ని షెడ్డు పక్కకు లాక్కెళ్లి, మాస్కు దించి, రెప్ప విప్పి పట్టుకుని ఊదాను. మెల్లగా, మనసులో పది లెక్కపెట్టుకుంటూ. ఒక్క దగ్గు రాలేదు. పిల్లికూత లేదు.

"ఇంతసేపు ఊదావేందిరా!" అని వాడు కన్ను తెరిచి నా మొహం చూశాడు. "నీ కళ్లల్లో నీళ్లేందిరా? నీకూ పడిందా?"

"ఘాటురా" అన్నాను.